ఎండాకాలం జాగ్రత్తల నోటీసు రాయాలి, అసలు ఫైర్ వాళ్లు మనకేమేం చేస్తారు?

మూడో_అంతస్తు:
అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్‌లో ఈసారి ఎండాకాలం జాగ్రత్తల నోటీసు రాసే పని నాకు అప్పజెప్పారు. నెట్‌లో చూస్తే అన్నిట్లో ఒకటే ముక్క, జాగ్రత్తగా ఉండండి నీళ్లు తాగండి అని, అది తీసుకెళ్లి లిఫ్ట్ పక్కన అంటిస్తే ఎవరూ చదవరు. నిజంగా పనికొచ్చేది రాయాలని ఉంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్న ఫ్లాట్లు మా దగ్గర చాలానే ఉన్నాయి, కింద పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లు పెరిగాయి, ఏసీలైతే పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. ఇంకో డౌట్, ఫైర్ వాళ్లని మంట పెద్దదైతేనే పిలవాలా? చిన్నదానికి పిలిస్తే తిడతారేమో అని మా వాళ్లలో చాలామందికి భయం. గ్యాస్ వాసన వస్తే వస్తారా, లిఫ్ట్‌లో ఎవరన్నా ఇరుక్కుంటే వస్తారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రిటైర్డ్_ఫైర్:
తిడతారేమో అన్న భయం ముందు పోగొట్టండి, నోటీసులో మొదటి లైనే అది పెట్టండి. నేను ఫైర్ సర్వీసులో చేసి రిటైర్ అయినవాణ్ణి. చేయి దాటిపోయిన ఇళ్లలో ఎక్కువసార్లు చూసింది ఏంటంటే, ముందు మనమే ఆర్పేద్దాం అనుకుంటారు, అవ్వక పక్కింటివాళ్లని కేకేస్తారు, వాళ్లూ ఓ చెయ్యి వేస్తారు, అప్పుడు ఎవరికో గుర్తొచ్చి ఫోన్ చేస్తారు. ఫోమ్ సోఫానో పరుపో అంటుకుంటే నాలుగైదు నిమిషాల్లోపే గది మొత్తం ఒక్కసారిగా భగ్గుమనొచ్చు, ఆ తర్వాత ఆ గదిలో ఉన్న మనిషి బతకడం కష్టం. అందుకే ముందు ఫోన్, తర్వాతే ఆర్పడం. బండి దారిలో ఉండగా మీరే ఆర్పేశారనుకోండి, మళ్లీ ఫోన్ చేసి చెప్పండి చాలు, ఎవరూ ఏమీ అనరు. ఫాల్స్ సీలింగ్ పైనో గోడ సందులోనో నిప్పు మిగిలిపోయి తర్వాత మళ్లీ రాజుకోవడం మామూలే కాబట్టి, ఆరిపోయింది అనుకున్నా సరే మా వాళ్లు వచ్చి ఒకసారి చూసి వెళ్తే మంచిది.

నంబర్లు: ఇండియాలో 101, లేదా అన్నిటికీ కలిపి 112. ఈ గ్రూపులో బయటి దేశాల్లో ఉన్నవాళ్లూ ఉన్నారుగా, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఎక్కడైనా 112. ఫోన్ ఎత్తగానే ముందు అడ్రస్ చెప్పండి, గుర్తుతో సహా. చాలామంది కంగారులో "మంటలు మంటలు, త్వరగా రండి" అని కట్ చేసేస్తారు, ఎక్కడికి రావాలి? అడ్రస్ అయ్యాక ఏం అంటుకుంది, ఎన్నో అంతస్తు, లోపల ఎవరన్నా ఉన్నారా, నడవలేనివాళ్లు ఉన్నారా, ఇవి చెప్పండి. అవతలివాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకండి, ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీదకి పంపండి.

మంట ఒక్కటే కాదండి మా పని. గ్యాస్ లీకు, లిఫ్ట్, యాక్సిడెంట్‌లో నుజ్జయిన కారు కోసి మనిషిని బయటికి తీయడం, నీళ్లలో పడ్డవాళ్లు, కూలిన గోడలు, అన్నిటికీ వెళ్తాం. ఏ ప్రమాదం లేనప్పుడు కూడా పిలవచ్చు, అది చాలామందికి తెలీదు. మీ కమిటీ తరఫున దగ్గర్లోని స్టేషన్‌కి ఒక లెటర్ ఇస్తే వచ్చి మంటలార్పే సిలిండర్ వాడటం చూపిస్తారు, మెట్ల మీంచి అందర్నీ దింపే డ్రిల్ చేయిస్తారు. బ్రిటన్‌లో అయితే ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకి ఉచితంగా వచ్చి చూసి, అవసరమైతే స్మోక్ అలారం కూడా బిగిస్తారు. కాకపోతే ఇలాంటి వాటికి ఎమర్జెన్సీ నంబర్‌కి చేయకండి, స్టేషన్ మామూలు నంబర్‌కి చేయండి.

ఇంకొకటి, గేటు ముందు పార్కింగ్. రెండు వైపులా కార్లు పెడితే మధ్యలో మా బండి పట్టదు, దాదాపు రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది, మలుపు తిరగాలంటే ఇంకా చోటు కావాలి. పైపులు మోసుకుంటూ నడిచి వచ్చేలోపు ఏమవుతుందో మీరే ఆలోచించండి.

వైర్‌మ్యాన్_అన్న:
పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను వైరింగ్ సంగతి చెప్తా. బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్, అదే ఎంసీబీ, ఉంది కదా ఏం కాదులే అని అందరి ధీమా, కానీ ఎంసీబీ పడేది లోడ్ ఎక్కువైనప్పుడో షార్ట్ అయినప్పుడో మాత్రమే, సాకెట్‌లో స్క్రూ లూజై అక్కడ వేడెక్కుతుంటే దానికి తెలీదు, కరెంటు మామూలుగానే పోతుంటుంది, ఆ ఒక్క జాయింట్ మాత్రం కాలుతూ ఉంటుంది. ఎండాకాలంలో ఏసీ గంటల తరబడి ఆగకుండా నడుస్తుంది కాబట్టి ఇది అప్పుడే బయటపడుతుంది. ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మచ్చ, ప్లాస్టిక్ కాలిన వాసన, ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడి, ఈ మూడింట్లో ఏది కనబడ్డా ఏసీ వాడటం ఆపి మెయిన్ ఆఫ్ చేసి మనిషిని పిలవండి. ఏసీని ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద అస్సలు పెట్టొద్దు, దానికి బోర్డు నుంచి విడిగా లైన్ ఉండాలి. బయట యూనిట్ వెనకాల ఎండుటాకులు, పిట్టగూళ్లు, పాత అట్టపెట్టెలు ఉంటే తీసేయండి. ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న చోట గాలి ఆడాలి, అది చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, ఆ పక్కనే దీపం లాంటివి పెట్టకూడదు.

మూడో_అంతస్తు:
చాలా థాంక్స్ అన్నా, రిటైర్డ్ గారికి కూడా. ఈ జాయింట్ సంగతి నాకు అస్సలు తెలీదు. మరి స్కూటర్లు? కొంతమంది బ్యాటరీ పైకి తెచ్చుకుని గుమ్మం దగ్గర రాత్రంతా చార్జింగ్ పెడుతున్నారు, చెప్తే గొడవవుతోంది. ఇంకా సిలిండర్ అన్నారు కదా, మా కారిడార్‌లో ఉన్నవి పనిచేస్తాయో లేదో ఎలా తెలుస్తుంది?

రిటైర్డ్_ఫైర్:
గొడవైనా చెప్పాల్సిందే. లిథియం బ్యాటరీ లోపల ఒక సెల్ పాడైతే దాని వేడికి పక్క సెల్, దాని వేడికి ఇంకోటి, అలా నిమిషాల్లో మొత్తం పోతుంది, ముందు విషపు పొగ వస్తుంది. అది గుమ్మం దగ్గరే అయితే లోపలున్నవాళ్లు ఎటునుంచి బయటికి రావాలి? నిద్రపోయే టైంలో, బయటికెళ్లే దారిలో చార్జింగ్ వద్దు, ఈ రెండూ గట్టిగా పెట్టండి. ఎండలో నడిపి తెచ్చిన వెంటనే పెట్టకుండా చల్లారనివ్వాలి, కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలి, ఉబ్బినా కిందపడి దెబ్బతిన్నా దాన్ని ఇక వాడకూడదు. మంట వస్తే ఆర్పడానికి చూడొద్దు, తలుపు మూసి బయటికి వచ్చేయండి, ఆరినట్టు కనబడి మళ్లీ అంటుకుంటుంది అది.

సిలిండర్ మీద చిన్న మీటర్ ఉంటుంది, ముల్లు పచ్చరంగులో ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ దానికి మీటర్ ఉండదు, తూకం వేసి చూడాలి, ఏడాదికోసారి సర్వీస్ చేయించి తేదీ అట్ట తగిలించమనండి. వాడేటప్పుడు పిన్ను లాగి, మంట మొదట్లోకి గురిపెట్టి, నొక్కి, అటూ ఇటూ ఊపాలి. చిన్నది కొన్ని సెకన్లే వస్తుంది, అందుకే మీ వెనకాల బయటికి దారి ఉంటేనే మొదలుపెట్టండి. మూకుడులో నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు పొయ్యొద్దు, ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1700 రెట్లు పొంగుతాయి, మండే నూనెని గదంతా చిమ్ముతాయి. స్టవ్ ఆపి మూత పెట్టి వదిలేయండి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి.

గ్యాస్ వాసన వస్తే స్విచ్ వెయ్యకూడదు, ఆపకూడదు కూడా, రెండింటికీ నిప్పురవ్వ వస్తుంది. ఎల్పీజీ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది, కాబట్టి కిటికీలతో పాటు తలుపులు బార్లా తెరిచి, గ్యాస్ సిలిండర్ ఆపి, బయటికి వచ్చాకే ఫోన్ చేయాలి.

వార్డు_నర్స్:
రెండు మాటలు నావి కూడా చేర్చండి. కాలిన చోట కుళాయి కింద మామూలు నీళ్లు 20 నిమిషాలు పోనివ్వాలి. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు, ఇంకు, ఏవీ వద్దు, అవన్నీ కడిగి తీయడానికి మేము మళ్లీ ఆ మనిషిని బాధపెట్టాల్సి వస్తుంది, నాకు అది చేయడం చాలా కష్టంగా ఉంటుంది. ఎండదెబ్బ విషయంలో, మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది కాసేపు పడుకుంటే తగ్గేది కాదు, వెంటనే అంబులెన్స్‌కి చెప్పి, అది వచ్చేలోపు బట్టలు వదులు చేసి ఒంటి మీద నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. పిల్లల్ని కార్లో వదిలి "రెండు నిమిషాలే" అని వెళ్లొద్దు, 20 నిమిషాల్లో లోపల 15 డిగ్రీల పైనే పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకి మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు కొట్టి పలకరించేవాళ్ల పేర్లు ఆ నోటీసులోనే రాయండి.

మూడో_అంతస్తు:
అక్కా ఇది చాలా మంచి ఐడియా, ఈ వారమే పేర్లు తీసుకుంటా. చివరగా ఒకటి, మంటలొస్తే పైకి టెర్రస్ మీదకి వెళ్లాలా, కిందకి రావాలా? మా టెర్రస్‌కి తాళం ఉంటుంది.

రిటైర్డ్_ఫైర్:
మెట్లలో పొగ లేకపోతే కిందకే, లిఫ్ట్ వాడకుండా. వచ్చేటప్పుడు వెనకాల తలుపులు మూసుకుంటూ రండి, మూసిన తలుపు పొగని చాలాసేపు ఆపుతుంది. మెట్లలో పొగ నిండి ఉంటే అందులోకి దిగకండి, మంటల్లో ఎక్కువమందిని చంపేది పొగే. ఫ్లాట్‌లోకి వెనక్కి వెళ్లి తలుపు మూసి, సందుల్లో తడిబట్ట కుక్కి, కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో ఏ ఫ్లాట్, ఎన్నో అంతస్తు చెప్పండి. టెర్రస్ నమ్ముకుని పైకి ఎక్కొద్దు, పొగ కూడా పైకే వస్తుంది, పైన తాళం ఉంటే అక్కడే చిక్కుకుంటారు. అలాగని తాళం అలాగే ఉంచేయకండి, లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియ పెట్టించమని కమిటీలో అడగండి. మెట్ల కింద పాత సామాన్లు, సైకిళ్లు ఉంటే అవి కూడా ఈ ఆదివారమే తీయించేయండి.