అమ్మకు బీఆర్‌సీఏ1 మార్పు ఉందట, మేమూ టెస్ట్ చేయించుకోవాలా?

మాది హనుమకొండ. అమ్మకు అండాశయ క్యాన్సర్, కీమో నడుస్తోంది. రక్త పరీక్షలో బీఆర్‌సీఏ1 జన్యువులో పుట్టుకతోనే మార్పు ఉందని తేలింది. దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేయిస్తూ కణితి పుట్టకుండా కాపాడే జన్యువు అది. మాకూ వచ్చి ఉండే అవకాశం 50 శాతం.

నా టెన్షనంతా చెల్లెలి గురించే. దానికి సంబంధాలు చూస్తున్నాం. "ఇప్పుడీ టెస్టులెందుకు బిడ్డా, సంబంధం చెడిపోతది" అంటున్నాడు మా మేనమామ. ఈ మార్పు మగవాళ్ల నుంచి కూడా పిల్లలకు వస్తుంది, అసలు ఆయనా చేయించుకోవాలి!

వరంగల్‌లో జెనెటిక్ కౌన్సెలింగ్ ఎవరైనా చేస్తున్నారా, హైదరాబాద్ పోవాల్సిందేనా? అమ్మ రిపోర్టులో ఉన్న మార్పును మాత్రమే వెతికే టెస్టుకు ఎంతవుతుంది? పెళ్లికి ముందే చేయించుకున్నవాళ్లుంటే, ఇంట్లో ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి.