ప్రతి త్రోకూ అంకె చూపించాలా?

ఈటెగురువు:
ముగ్గురు జావెలిన్ త్రోయర్లకు శిక్షణ ఇస్తున్నాను. త్రో పడగానే విడుదల వేగం, కోణం ట్యాబ్లెట్‌లో కనిపిస్తాయి. సాధనలో వేగం పెరిగింది, పోటీల్లో దూరం తగ్గింది. ఈటె ఎక్కడ గుచ్చుకుందో కూడా చూడకుండా తెరవైపు తిరుగుతున్నారు. మీరు ఎన్ని త్రోలకు ఒకసారి చూపిస్తున్నారు? ఇంకొకటి: కెమెరా సమయం, నడుముకు కట్టే సెన్సర్ సమయం కలవడం లేదు. ఎలా కలుపుతున్నారు?

చలనశాస్త్రం:
పన్నెండేళ్లుగా నైపుణ్య శిక్షణే నా పని. ట్యాబ్లెట్ మూసేయండి. ప్రతిసారీ ఫలితం చెబితే సాధన బాగుంటుంది గానీ నేర్చుకున్నది నిలవదని సాల్మొని, ష్మిట్, వాల్టర్ 1984లోనే రాశారు. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ చేసిన ప్రయోగంలో సగం ప్రయత్నాలకే ఫలితం తెలిసినవాళ్లు మర్నాడు మెరుగ్గా చేశారు. అంకెకు అలవాటుపడితే సొంత ఒళ్లు చెప్పేది వినబడదు.

మైదానమే_బడి:
ఆ ప్రయోగంలో కదిపింది ఒక లీవరు! పరుగు, క్రాస్ అడుగులు, ఆనించే కాలు అన్నీ కుదరాల్సిన జావెలిన్‌కు దాన్ని అంటగడతారా? ముందుకాలు కుంగుతోందని మా అమ్మాయికి ఏడాదిపాటు చెప్పాను, నమ్మలేదు. స్లో మోషన్‌లో ఒక్కసారి చూసుకుంది, నెలలో సరిదిద్దుకుంది.

చలనశాస్త్రం:
ఒక్కసారే చూసిందని మీరే అంటున్నారు. నా వాదనా అదే.

మైదానమే_బడి:
మూసేయమన్నది మీరు. మాట మార్చకండి.

ఎడమవింగ్:
అంకెలను నమ్మి మోసపోయినవాడిని నేను. ఫుట్‌బాల్ ఆడేవాడిని. భుజాల మధ్య జీపీఎస్ పెట్టి, గత 7 రోజుల శ్రమ భారాన్ని 28 రోజుల వారపు సగటుతో భాగించేవారు. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే భయం లేదన్నారు. నాది 1.1. తొడ వెనక పట్టేసిందని రెండు రోజులు మొత్తుకున్నాను, నిష్పత్తి బాగుందని మైదానంలోకి దింపారు. మూడో స్ప్రింట్‌లో కండరం చిరిగింది.

ఫిజియో_నోట్సు:
ఆ లెక్కలోనే లోపం ఉంది. 7 రోజులూ ఆ 28 రోజుల్లో భాగమే. లవం వెళ్లి హారంలో కూర్చుంటే రెండూ కలిసే కదులుతాయి. నేను రోజూ అడిగేది ఒక్కటే: ఎంత కష్టమనిపించింది, సున్నా నుంచి పది లోపు చెప్పు. దాన్ని సాధన చేసిన నిమిషాలతో గుణిస్తాను.

మైదానమే_బడి:
జట్టులో చోటు పోతుందని భయమున్న ఆటగాడు నిజం చెబుతాడా?

ఎడమవింగ్:
నేను చెప్పాను. వినలేదు. మనిషి మాట వినని చోట ఏ లెక్కైనా ఒకటే.

బంతి_చూపు:
బేస్‌బాల్ బ్యాటర్లపై 1994లో వచ్చిన అధ్యయనం ఎవరూ ప్రస్తావించలేదు. ఒకే రకం బంతులు వరుసగా ఆడినవాళ్లు దాదాపు 25 శాతం మెరుగయ్యారు, కలగలిపి ఆడినవాళ్లు 57 శాతం. సాధనలో తడబడేవాడే నేర్చుకుంటున్నాడు. తెరమీది అంకె ఆ తడబాటును తప్పుగా చూపిస్తుంది.

ఈటెగురువు:
ఈ వారం ఒక మార్పు చేశాను. త్రో వేసినవాళ్లు ముందు వేగం ఊహించి చెప్పాలి. ప్రతి అయిదో త్రోకే అంకె చూపిస్తాను. మొదటిరోజు ముగ్గురికీ కోపం వచ్చింది. నిన్న ఒకడు తెర చూడకుండానే "మోచెయ్యి కిందికి జారింది సార్" అన్నాడు. వీడియోలో అదే ఉంది. నా రెండో ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

ఫిజియో_నోట్సు:
క్షమించండి. రికార్డింగ్ మొదలవగానే కెమెరా ముందు మూడుసార్లు గట్టిగా గెంతమనండి. పాదం నేలను తాకిన ఫ్రేము వీడియోలో దొరుకుతుంది, సెన్సర్ గీతలో మూడు శిఖరాలు లేస్తాయి. వాటిని ఒకదానిపై ఒకటి పెట్టండి.

ఈటెగురువు:
రేపు ఉదయం వార్మప్ కాగానే గెంతిస్తాను.