ఇంట్లో ఒంటరిగా గట్టి కసరత్తు: ఎన్నాళ్లు నిలుస్తుంది?

కంటోన్మెంట్_కుర్రాడు (విజయనగరం): ఫోన్‌లో వీడియో పెట్టుకుని రోజూ పొద్దున్నే టబాటా చేస్తున్నాను, అదే, కొన్ని సెకన్లు గట్టిగా చేసి, కాస్త ఆగి, మళ్లీ చేసే కసరత్తు. బర్పీలు (కిందికి వంగి, కాళ్లు వెనక్కి వేసి, లేచి గెంతడం), జంప్ స్క్వాట్లు (గుంజీలు తీస్తూ గెంతడం), అన్నీ. మొదట్లో హుషారుగానే ఉండేది. ఇప్పుడు చాప చూస్తేనే నీరసం. పక్కన ఎవరూ లేకుండా చేసేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? జిమ్‌కి పొమ్మనకండి, డబ్బుల్లేవు.

పాత_వస్తాదు (నెల్లిమర్ల): నెట్టుకురాలేవు నాయనా. మా వ్యాయామశాలలో దండీలు మధ్యలో ఆపితే పక్కవాడు నవ్వేవాడు. ఆ సిగ్గుకి ఇంకో పది పడేవి. ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిందంటే, ఆ ఇంట్లో అక్కచెల్లెళ్లూ ఇనుము పట్టినవాళ్లే. ఈ ఫోన్లొచ్చాక మా దగ్గరి కుర్రాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒక్కడైనా ఇంట్లో కొనసాగించాడా?

మేడమీద_పోర్షన్ (శ్రీకాకుళం): నేను కొనసాగిస్తున్నాను మాస్టారూ. పిల్లలు లేవకముందే, టైమర్ పెట్టుకుని. రాత్రే చాప పరిచేస్తాను, లేచాక ఆలోచించే పని ఉండదు. కింద ఇంటివాళ్లు దబదబ చప్పుళ్లని గొడవ పెడితే గెంతులు మానేశాను. బర్పీలో కాళ్లు ఒక్కొక్కటిగా వెనక్కి వేస్తాను.

పాత_వస్తాదు: గెంతకపోతే అది బర్పీ ఎలా అవుతుందమ్మా?

నాగావళి_గట్టు: పాయింటే.

మేడమీద_పోర్షన్: ఆయాసంతో మాట రాకపోతే చాలు. పేరుతో పనేటి?

పాత_వస్తాదు: టబాటా అని పేరు పెట్టుకున్నది మీరే కదా. 1996లో జపాన్‌లో టబాటా గారు రాసింది సైకిల్ మీద 20 సెకన్లు శక్తికొద్దీ తొక్కి 10 సెకన్లు ఆగడం, ఏడెనిమిది సార్లు. వేగం పడిపోతే అక్కడితో ఆపేయడమే. అది చూడ్డానికి మనిషి ఉండాలి. మీరు ఒళ్లు దాచుకోవడం లేదని ఎవరు చూశారు?

పీఈటీ_సార్: తమ్ముడూ, రోజూ చేస్తున్నావు, అందుకే ఆ నీరసం. అంత గట్టిది వారానికి రెండు మూడు సార్లు చాలు, మిగతా రోజులు నడువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) పెద్దవాళ్లకి చెప్పేది కూడా తీవ్రమైన వ్యాయామం వారం మొత్తానికి కనీసం 75 నుంచి 150 నిమిషాలని, రోజూ అని కాదు. నిద్ర సరిపోతోందా?

మేడమీద_పోర్షన్: ఒళ్లు దాచుకుంటున్నానా? అయితే వినండి. కాన్పు తర్వాత ఒక జిమ్‌లో చేరాను. నేను వంగినప్పుడల్లా అద్దంలో చూపులు. ట్రైనర్ నలుగురి ముందూ నా పొట్ట చూపించి పాఠం చెప్పేవాడు. కట్టిన ఫీజు వదులుకుని వచ్చేశాను. పక్కవాడి నవ్వు మీ చేత ఇంకో పది దండీలు తీయించింది. నన్ను ఇంటికి పంపింది. చూసేవాళ్లు లేరు కాబట్టే చేయగలుగుతున్నాను.

పాత_వస్తాదు: అది ఆ ట్రైనర్ తప్పు, తోడుది కాదు. మా పక్కనే వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడలో ఆడపిల్లలు అందరి ముందే బరువులు ఎత్తుతారు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో పతకం తెచ్చింది.

మేడమీద_పోర్షన్: కొండవెలగాడలో పుట్టుంటే నేనూ ఎత్తేదాన్ని. మా వీధిలో ట్రాక్ ప్యాంటుతో గేటు దాటితే మా అత్తగారికి ఫోన్ వెళ్తుంది.

నాగావళి_గట్టు: ఓలమ్మా. కుర్రాడు ఏటడిగాడు, మీరెక్కడికెళ్లిపోయారు?

పాత_వస్తాదు: ఎక్కడికీ పోలేదు. అందరూ ఇలా తలుపులేసుకుని చేస్తే ఆ ఫోన్ ఎప్పటికి ఆగుతుంది? మీ పాప ఎవర్ని చూసి నేర్చుకుంటుంది?

మేడమీద_పోర్షన్: వీధిని మార్చే పని కూడా నా మీదేనా మాస్టారూ? నాకు దొరికేది అరగంట. పాప అంటారా, మెలకువ వస్తే పక్కన నిలబడి లెక్కపెడుతుంది. మూడు తర్వాత అయిదు అంటుంది, ఒకటి నాకు కలిసొస్తుంది.

పాత_వస్తాదు: చూశారా, చూసే మనిషి ఉన్నట్టే కదా.

మేడమీద_పోర్షన్: అది నవ్వదు.

కంటోన్మెంట్_కుర్రాడు: పీఈటీ సార్, నిజంగా వారానికి మూడేనా? వీడియోలో వాడు రోజూ అన్నాడే. నిద్ర అయిదు గంటలే.