సహారా నుంచి వచ్చేది ఇసుకా, దుమ్మా?

ప్రశ్న (నారాయణపేట నుంచి): సహారా నుంచి యూరప్ మీదికి గాలి వీచినప్పుడల్లా మన పత్రికలు "ఇసుక తుపాను" అని రాస్తాయి. మా దిక్కు గాలిదుమారం అంటే దుమ్ము లేసుడే, ఇసుక లేసుడు కాదు. వాతావరణ మోడళ్ల మీద, అంటే వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతుల మీద, బడి పిల్లల కోసం వ్యాసం రాస్తున్నా. ఇసుక అనాల్నా, దుమ్ము అనాల్నా?

జవాబు (దేవరకొండ నుంచి): దుమ్ము అనే రాయండి అక్కా. కానీ ఇసుకను పూర్తిగా తీసెయ్యకండి, మోడల్‌లో రెండింటికీ వేర్వేరు పనులున్నాయి. మెత్తటి దుమ్మురేణువు నేలను కరుచుకుని ఉంటుంది, గాలి ఒక్కటే దాన్ని ఊడదీయలేదు. ముందు కదిలేది ఇసుకరేణువు. అది కొంచెం లేచి, ముందుకు గెంతి, మళ్లీ నేలకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బకు దుమ్ము పైకి లేస్తుంది. ఇసుక అక్కడక్కడే ఆగిపోతుంది, దుమ్ము మాత్రం అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవి దాకా పోతుంది. సహారా దుమ్ములో చాడ్ దేశంలోని బోడెలే పల్లం నుంచి లేచేది చాలానే ఉంటుంది. అది ఒకప్పటి పెద్ద సరస్సు అడుగు.

మోడల్ ముందుగా చూసేది నేల తడిగా ఉందా, గడ్డి ఉందా, గాలి ఇసుకను కదిలించేంత ఉందా అని. ఆ హద్దు దాటాక లేచే దుమ్ము దాదాపు గాలివేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. వేగం రెండింతలైతే దుమ్ము ఎనిమిదింతలు. అసలు తంటా ఇక్కడే. మోడల్ భూమిని గడులుగా విడగొట్టి లెక్క చేస్తుంది. చాలా మోడళ్లలో ఒక్కో గడి వెడల్పు 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ అంత. అంత మేరకూ ఒకటే గాలి అనుకోవాలి. మే నెల మధ్యాహ్నం జడ్చర్లలో ఆకు కదలకపోవచ్చు, షాద్‌నగర్‌లో రేకులు ఎగిరిపోవచ్చు. సగటు తీస్తే దుమారం మాయం. ఉరుముల మబ్బు కింద నుంచి తోసుకొచ్చే గాలి సహారాలో పెద్ద దుమ్ముగోడలు లేపుతుంది, అవీ ఈ గడుల్లో సరిగ్గా దొరకవు. అందుకే చాలామంది ఒక గుణకం పెట్టి, గాల్లో దుమ్ము వల్ల ఉపగ్రహానికి కనిపించే మసకకు లెక్క సరిపోయేదాకా సర్దుతారు. లెక్క కుదురుతుంది గానీ, నాకైతే అది జవాబు చూసి లెక్క చేసినట్టే ఉంటుంది. 2011లో 15 మోడళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏడాదికి లేచే దుమ్ము ఒకదాంట్లో సుమారు 50 కోట్ల టన్నులు, ఇంకోదాంట్లో 430 కోట్ల టన్నులు!

ఇంకొకరు (వనపర్తి): సార్, దుబ్బ అంటే సరిపోదా? పిల్లలకు తెలిసిన మాట.

జవాబు: మా ఊర్లో దుబ్బ అంటే కాలు పెడితే కూరుకునే మెత్తటి మన్ను. కొన్ని ఊర్లలో ఇసుకను కూడా దుబ్బ అంటరు. ఏ రెండింటిని విడదీయాలనుకుంటున్నామో వాటినే కలిపేస్తుంది కదా.

అదే వ్యక్తి: మరి ధూళి?

జవాబు: ధూళి అనొచ్చు, కానీ అది మరీ సన్నగా వినిపిస్తుంది. గాల్లో పోయేదంతా సన్నదే కాదు. వడ్లు తూర్పార పట్టేటప్పుడు గింజ కాళ్ల దగ్గర పడి పొట్టు దూరం పోయినట్టు, ముతక రేణువులు తొందరగా రాలాలి. మోడళ్లూ అట్లనే రాల్చేస్తాయి. కానీ కొలిచి చూస్తే ముతక రేణువులు అనుకున్నదానికన్నా చాలా దూరం పోతున్నాయి, ఎందుకో పూర్తిగా తేలలేదు. ఇది చిన్న విషయం కాదు. సన్నరేణువులు ఎండను వెనక్కి పంపి చల్లబరుస్తాయి, ముతకవి వేడిని పట్టుకుంటాయి. ముతకవి తక్కువ వేసిన మోడల్, దుమ్ము భూమిని చల్లబరుస్తుందని ఎక్కువ చేసి చెబుతుంది. రంగూ ముఖ్యమే. మన ఎర్ర చల్కల్లో లాగా ఇనుము ఎక్కువున్న దుమ్ము ఎండను ఎక్కువ పీలుస్తుంది. ఏ ఎడారి దుమ్ములో ఏ ఖనిజం ఉందో చూడ్డానికి 2022లో నాసా, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద ఎమిట్ అనే పరికరం కూడా పెట్టింది.

ప్రశ్న అడిగినవారు: అయితే శీర్షికలో "ఎడారి దుమ్ము", లోపల ఇసుక గెంతుల గురించి ఒక పేరా. "ఇసుక తుపాను" తీసేస్తున్నా అన్నా.