కుసుమ పూరేకుల టీ, కుసుమ నూనె: గుండె పేషెంట్‌కి ఇవ్వొచ్చా?

మల్కాజిగిరి నుంచి:
నాన్నకు పోయినేడు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు నడుస్తున్నాయి. మా మేనత్త బేగంబజార్ నుంచి ఎండిన కుసుమ (సాఫ్లవర్) పూరేకులు తెచ్చి రోజూ టీ కాచి తాగిస్తే కీళ్ల నొప్పులు పోతాయి, రక్తం శుభ్రపడుతుంది అంటోంది. నూనె కూడా కుసుమదే వాడమంటోంది. ఆ పూరేకుల్లోంచే చిటికెడు తీసి, ఐదో నెల నడుస్తున్న నా భార్యకు కుంకుమపువ్వులా పాలలో వేయమంటోంది. పెద్దావిడ మాట తీసెయ్యలేను, కానీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

డైటీషియన్ అక్క:
తమ్ముడూ, ముందు ఆ టీ ఆపు. చైనా వైద్యంలో ఈ పూరేకుల్ని రక్తం బాగా ఆడటానికి, ఆగిన నెలసరి రావడానికి వాడతారు. అంటే మాత్రలు చేస్తున్న పనికి ఇది తోడై రక్తస్రావం రిస్క్ పెరగొచ్చు. అదే కారణంతో గర్భిణికి అసలే వద్దు, చిటికెడు కూడా. కుంకుమపువ్వు వేరే మొక్క. ఒక్కో పోగు తీసి చూడు: కుంకుమపువ్వు పోగు ఒక కొస బాకా మూతిలా వెడల్పవుతుంది, కుసుమది సన్నటి గొట్టంలా ఉండి చివర చీలి ఉంటుంది, నీళ్లలో వేయగానే పసుపు దిగుతుంది. పులావులో రంగు కోసం ఆరోగ్యవంతులు వేసుకుంటే ఇబ్బంది లేదు.

నూనె సంగతి వేరు, అందులో రెండు రకాలున్నాయి. పాత రకంలో సుమారు 75 శాతం లినోలిక్ ఆమ్లం (ఒమేగా 6 రకం కొవ్వు), అది చెడు కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది కానీ వేడికి త్వరగా పాడవుతుంది, ఒమేగా 3 దాదాపు ఉండదు. కొత్త రకంలో ఆలివ్ నూనెలోలా ఓలిక్ ఆమ్లం ఎక్కువ, వంటకు అదే నయం. గుండె జబ్బున్నవాళ్లకు నెయ్యిలాంటి కొవ్వులు మాన్పించి లినోలిక్ రకం నూనె పెట్టిన సిడ్నీ అధ్యయనాన్ని 2013లో మళ్లీ లెక్కగడితే, ఆ గుంపులోనే మరణాలు ఎక్కువ తేలాయి. అందుకే ఒక్క నూనెనే మందులా నమ్ముకోవద్దంటాను. విటమిన్ ఇ మాత్రం దండిగా ఉంటుంది.

తాండూరు రైతుబిడ్డ:
అక్క చెప్పింది కరెక్ట్. మా నల్లరేగడిలో యాసంగికి శనగతో పాటు కుసుమ వేస్తాం, లేత ఆకు కూర వండుకుంటాం, నూనె తాతల నాటి నుంచీ తింటున్నాం. ముళ్లకు భయపడి పశువులు చేన్లోకి రావు, కోత కూడా మంచు ఆరకముందే పొద్దున్నే మొదలుపెడతాం, ఎండెక్కితే చేతులు రక్తాలే. పూరేకులు వాడిపోయాక ఏరితే గింజ దిగుబడి తగ్గదు, అందుకే ముళ్లులేని రకాలొచ్చాక కొందరికి అదీ ఒక ఆదాయమైంది. మన రాజేంద్రనగర్‌లోనే నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది, కుసుమ మీద పని చేస్తుంది. గానుగ నూనె కొంటే చిన్న సీసా కొను అన్నా, వెలుతురు తగలకుండా పెట్టు, ముక్క వాసన వస్తే పారబోయి.

మల్కాజిగిరి నుంచి:
థాంక్స్ అక్కా, అన్నా. టీ ఈరోజే ఆపేశాం, పూరేకుల పొట్లం డాక్టర్‌కి కూడా చూపిస్తాను. అత్తకు ఫోన్‌లో మెల్లగా చెప్పాను, కోడలి విషయం అనగానే ఒప్పుకుంది.