మొక్కు తీర్చుకోవడానికి మనసు రావట్లేదు, ఏం చేయను?

అందరికీ నమస్కారం. ఆర్మీలో 17 ఏళ్ళయింది, వచ్చే మార్చిలో పెన్షన్ మీద ఇంటికి వచ్చేస్తున్నాను. 2025 మే 7 నుంచి 10 దాకా జమ్మూ కశ్మీర్ సరిహద్దులో పూంచ్ వైపు ఉన్నాను. గుండ్లు పడుతుంటే రోజూ చదివే చాలీసాలో రెండో లైను కూడా గుర్తు రాలేదు, ఏడుకొండలవాడా అన్న ఒక్క మాటే నోట్లో ఆడింది. బతికితే అలిపిరి మెట్లెక్కి తలనీలాలిస్తానని మొక్కుకున్నా. నా పక్కనున్న పంజాబీ కుర్రాడు వాహెగురూ వాహెగురూ అంటూనే ఉన్నాడు. వాడికి మోకాలి కింద కాలు పోయింది, నాకు గీత కూడా పడలేదు. ఇద్దరం ఒకేసారి అడిగాం కదా, మరి నేను కొండెక్కి ఏమని దండం పెట్టను? నమ్మకం పోలేదు, కానీ అలసిపోయాను. మొన్న ఛుట్టీలో దీపావళికి పక్కింట్లో బాంబు పేలితే మంచం దిగి గోడ వారన పడుకున్నా, మా అమ్మాయి చూసింది. దాన్ని రోజూ బండి మీద బడిలో దింపాలి, ఉన్న రెండెకరాలు చూసుకోవాలి, అంతకుమించి ఆశలేం లేవు.

డ్రాస్ గన్నర్:
తమ్ముడూ, 1999 కార్గిల్ యుద్ధంలో నేను డ్రాస్‌లో బోఫోర్స్ గన్ మీద ఉన్నా, ఎడమ చెవి అప్పుడే పోయింది. నేనూ మూడేళ్ళు కొండ ముఖం చూడలేదు. మా సెక్షన్‌లో పోయినవాడి తల్లి ఎదురైతే ఏం చెప్పాలన్నదే భయం. చివరికి నేనే వాళ్ళ ఊరు వెళ్ళా, ఆవిడ ముందు అన్నం పెట్టింది, తర్వాతే ఏడ్చింది. ఆ అన్నం తిన్నాకే గుడికి వెళ్ళగలిగాను. నువ్వు ముందు ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళు. కుదిరితే ఇద్దరూ అమృత్‌సర్ వెళ్ళండి, దర్బార్ సాహిబ్ (స్వర్ణ దేవాలయం) జోడాఘర్‌లో భక్తుల చెప్పులు తుడిచే సేవ ఉంటుంది, కూర్చునే చేయొచ్చు. నీ మెట్లు ఎక్కడికీ పోవు. ఇంకోటి, వచ్చిన డబ్బంతా ఒక్కసారే పొలంలో పెట్టకు. నేను బోర్లు వేయించి పోగొట్టుకున్నా, ఇప్పుడు నాలుగు గేదెలే నన్ను నిలబెట్టాయి.

సైనికుడి భార్య:
అన్నయ్యా, మావారు వచ్చిన కొత్తలో రాత్రి మూడింటికి లేచి ఇంటి తలుపులన్నీ చూసొచ్చేవారు. నేను కోపగించుకునేదాన్ని, అది నా తప్పే. మీ గోడ వారన సంగతి దేవుడికి ఒక్కడికే చెప్పకండి, డాక్టరుకీ చెప్పండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. పెన్షన్ వచ్చాక ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటుంది, అందులోనూ చూపించుకోవచ్చు. పాపకి కూడా రెండు ముక్కల్లో చెప్పండి, ఏమీ చెప్పకపోతే తన మీదే కోపమనుకుంటుంది, మా బాబు అలాగే అనుకున్నాడు.

ప్రశ్న అడిగినాయన:
గన్నర్ సాబ్, నిన్న రాత్రి వాడికి ఫోన్ చేశా. ఐదు నిమిషాలు ఇద్దరికీ మాట రాలేదు. కొత్త కాలుతో వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాడట. అమృత్‌సర్ అనగానే సరేనన్నాడు. తర్వాత వాడే అడిగాడు, భాయ్, గుండు చేయించుకున్నావా లేదా అని. ఇంకా లేదన్నాను. అయితే ఆగు, నేనూ వస్తా, మెట్ల దగ్గర కూర్చుని నీ సామాను చూస్తా అన్నాడు. అమ్మా, ఆ నంబరు రాసుకున్నాను.