‘ఇండియన్ హార్స్’: అసలు గాయాన్ని చివరిదాకా దాచడం సబబేనా?

రీలుపెట్టె
సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి, ముగింపు చెప్పకుండా ఈ చర్చ సాగదు. రిచర్డ్ వాగమీస్ 2012లో రాసిన నవలను స్టీఫెన్ కాంపనెలీ 2017లో తెరకెక్కించారు. సాల్ అనే ఒజిబ్వే (కెనడాలోని ఒక ఆదివాసీ జాతి) పిల్లాడిని, ఆదివాసీ పిల్లలను ఇంటి నుంచి వేరుచేసి ఉంచడానికి అక్కడ చర్చి నడిపే రెసిడెన్షియల్ స్కూల్లో పడేస్తారు. ఫాదర్ గాస్టన్ వాడికి ఐస్ హాకీ పరిచయం చేస్తాడు. వాడు తెల్లారకముందే లేచి మంచు ఊడ్చి, గడ్డకట్టిన గుర్రపు పేడ ఉండలతో ఆట నేర్చుకుంటాడు. ఆ ఫాదరే వాడిని లైంగికంగా హింసించాడని మనకు తెలిసేది సినిమా అయిపోవస్తుండగా. పసివాడి మీద జరిగిన అఘాయిత్యాన్ని క్రైమ్ సినిమాలో హంతకుడి పేరులా అట్టిపెట్టడం నాకు మింగుడుపడలేదు.

నెగెటివ్
నేను ఒప్పుకోనండి. కథ చెబుతున్నది సాలే, అదీ తాగుడు మాన్పించే కేంద్రంలో కూర్చుని. తనకు తాను చెప్పుకోలేనిది మనకు ముందే ఎలా చెబుతాడు? రెండోసారి చూడండి, గాస్టన్ దయ చూపే ప్రతి సన్నివేశమూ ఒళ్ళు జలదరింపజేస్తుంది. హంతకుడి పేరు తెలిశాక క్రైమ్ సినిమాలో మిగిలేదేమీ ఉండదు. ఇక్కడ అసలు సినిమా అప్పుడే మొదలవుతుంది.

గోదారిగట్టు
నెగెటివ్ గారి మాటకు చరిత్రలోనూ ఆధారం ఉంది. ఈ బడుల్లో నలిగినవాళ్ళ కోసం కెనడాలో 2007లో అమల్లోకి వచ్చిన పరిహార ఒప్పందంలో రెండు దారులు పెట్టారు. ఒప్పందం గుర్తించిన బడిలో ఉన్నట్టు తేలితే చాలు, మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, ఆపైన ప్రతి ఏడాదికీ 3,000. లైంగిక హింసకూ తీవ్రమైన శారీరక హింసకూ వేరే విచారణ: మూసిన తలుపుల వెనక నిర్ణేత ఎదుట నోరు తెరిచి చెప్పాలి. ఆ రెండో దారిలో వచ్చిన దరఖాస్తులు 38 వేల పైచిలుకు. వాళ్ళలో ఎందరో అప్పటిదాకా కట్టుకున్నవాళ్ళకూ కన్నపిల్లలకూ చెప్పుకోనివాళ్ళు. సాల్ మౌనం కథకుడి ఎత్తుగడ కాదు.

రీలుపెట్టె
గోదారిగట్టు గారూ, మీరు చెప్పిన మొదటి దారే నా వాదన. అక్కడ ఉండటమే గాయమని ఒప్పందం ఒప్పుకుంది. సినిమా మాత్రం పెద్ద రహస్యాన్ని చివర్లో పేల్చడంతో, సాల్ పతనానికంతటికీ ఒక్క దుర్మార్గుడే కారణమన్నట్టు మిగిలిపోతుంది. భాష పోయింది, నానమ్మ పోయింది, అవన్నీ వెనకబడ్డాయి. నవలలో సాల్‌ను చేరదీసిన ఫ్రెడ్ కెల్లీ, ఆయన భార్య మార్తా కూడా అదే బడిలో నలిగినవాళ్ళని తెలుస్తుంది. దాంతో గాయం ఒక్కడిది కాకుండా పోతుంది. ముప్పై ఏళ్ళ కథను గంటా నలభై నిమిషాల్లో కుదిస్తే ముందు తెగిపడేవి ఇలాంటి ముక్కలే.

నెగెటివ్
ఇది న్యాయమైన మాట. చట్టం తెర మీదికి రాకపోవడం నాకూ లోటే. 7 నుంచి 15 ఏళ్ళ ఆదివాసీ పిల్లలను బడికి పంపి తీరాలని 1920లో ఇండియన్ యాక్ట్‌ను (అక్కడి ఆదివాసీల మీద కెనడా పెట్టిన చట్టం) సవరించారు. అది తెలియని ప్రేక్షకుడు ‘అమ్మానాన్నలు ఎందుకు పంపారు?’ అని అడుగుతాడు. బడి నుంచి తప్పించుకొచ్చిన సాల్ అన్న బెన్ చావు కూడా అంతే, ఏదో జబ్బు చేసి పోయినట్టు అనిపిస్తుంది. ఆ బడుల్లో గాలి ఆడదనీ, క్షయ పిల్లలను మింగేస్తోందనీ ప్రభుత్వ వైద్యాధికారి పీటర్ బ్రైస్ 1907లోనే నివేదిక ఇచ్చాడు. అయినా ప్రభుత్వం చేసింది శూన్యం. ఇంత చెప్పినా, చివర్లో చెప్పడమే తప్పంటే మాత్రం ఒప్పుకోను.

ఫ్రేమ్24
తెలుగు సబ్‌టైటిళ్ళతో ప్రదర్శన వేయాలనుకునేవాళ్ళకు మూడు మాటలు. మొదటిది, ‘రెసిడెన్షియల్ స్కూల్’ను ‘గురుకులం’ అనకండి. 1971లో సర్వేల్ గురుకులం మొదలైనప్పటి నుంచీ మనకు అది పరీక్ష రాసి సీటు తెచ్చుకునే చోటు. ‘ఆశ్రమ పాఠశాల’ అన్నా అపార్థమే. ‘చర్చి హాస్టలు బడి’ అని మొదటిసారి వేసి, తర్వాత ‘బడి’ అంటే సరిపోతుంది. పిల్లలను బలవంతాన తెచ్చారనీ, 1920 చట్టం సంగతీ మొదలుపెట్టేముందు రెండు వాక్యాల్లో చెప్పండి.

రెండోది, పిల్లల మీద లైంగిక హింస ఉందని తెర వెలగకముందే హెచ్చరించండి. ‘కథ బయటపడిపోతుంది’ అని దాన్ని మానేయకూడదు. హాల్లో అలాంటి గాయం మోస్తున్నవాళ్ళు ఉంటారు. ఎవరు చేశారో చెప్పకుండా, ఏం ఉందో మాత్రం చెబితే మీ ఇద్దరి వాదనలూ నిలబడతాయి.

మూడోది, ఒజిబ్వే మాటలకూ ఇంగ్లిష్ మాటలకూ ఒకే తెల్ల అక్షరాలు వేస్తే తేడా మాయమైపోతుంది. ఒజిబ్వేకు లేత పసుపు పెట్టండి. మొదట్లో నానమ్మ దగ్గర తెర నిండా ఉన్న ఆ పసుపు, బడి గేటు దాటాక ఎంత అరుదైపోతుందో ప్రేక్షకులే గమనిస్తారు.